పచ్చను ముప్పై శాతం పెంచవలెను

ఆ శుభవార్త వచ్చేసరికి నేను పొయ్యి ముందు నిలబడి పూరీని చూసి మురిసిపోతున్నాను. పెళ్లయిన నలభై ఒక్క రోజుల్లో నా చేతి పూరీ పొంగడం అదే మొదటిసారి. బుగ్గలు పూరించుకుని నూనెలో గిరగిరా తిరుగుతోంది. అది చల్లారి చప్పబడిపోకముందే చూడమని మా ఆయన్ని కేకేయబోతుంటే, ఆయనే ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"మంజూరైంది," అన్నారు. "మొత్తం మంజూరైంది. ఒక్క కొర్రీ కూడా వెయ్యలేదు."

మా ఆయన పేరు డాక్టర్ శశాంక. ఊళ్లోని ప్రభుత్వ వైద్య కళాశాలలో పరిశోధకులు. వైరస్‌ల వల్ల కాలేయానికి వచ్చే జబ్బులు ఆయన చదువు, ఆయన ఉద్యోగం, సెలవు రోజుల్లో ఆయన కాలక్షేపం. పెళ్లిచూపుల్లో ఆయన నా కళ్లలోకి చాలాసేపు చూశారు. నాకు అరచేతులు చెమటలు పట్టాయి. కంటి తెల్లగుడ్డు పచ్చబడిందేమోనని చూశారనీ, ఎవరు ఎదురైనా ముందు అదే చూస్తారనీ పెళ్లయ్యాక తెలిసింది. అయినా నాకేమీ చిన్నతనం అనిపించలేదు. అంతసేపు చూసి, లోపం లేదని తేల్చుకునే కదా తాళి కట్టారు.

ఊరికి తూర్పున మగ్గాలపేట ఉంది. అందరూ నేతపనివాళ్లే. ఆరు వారాలుగా ఆ పేటలో కామెర్లు. అప్పటికి అరవై ఒక్క మందికి వచ్చాయి. తాగే నీళ్లలో ఎక్కడో మురుగు కలుస్తోందనీ, ఆ మురుగుతో వచ్చే వైరస్ ఇదనీ మా ఆయన అనుమానం. మామూలు మనిషిని ఆ వైరస్ కొన్ని వారాలు మంచాన పడేసి వదిలేస్తుందట. నెలలు నిండుతున్న గర్భిణి మీద పడితే మాత్రం ప్రాణం మీదికి తెస్తుందట. పేటలో భవాని అనే అమ్మాయికి ఏడో నెల. ఆమె అత్త సుబ్బరత్నమ్మకి అప్పటికే కళ్లు పచ్చబడ్డాయి. అటు ఇంట్లో ఇద్దరు, ఇటు ఇంట్లో ముగ్గురు పడుకున్నారు. పుట్టింటికి పంపిద్దామంటే భవాని పుట్టిల్లు ఎదురు వీధే, అక్కడా అవే నీళ్లు. ఆ అమ్మాయి దాకా రాకముందే నీళ్లు ఎక్కడ చెడుతున్నాయో పట్టుకోవాలని ఆయన ఆరాటం. దానికి పరీక్ష కిట్లు కావాలి. రక్తం నమూనాలు దాచడానికి ఫ్రీజర్ కావాలి. దరఖాస్తు అందుకే.

ఆ దరఖాస్తు రాసింది నేను. ప్రభుత్వానికి వెళ్లే ప్రతి దరఖాస్తూ తేట తెలుగులో ఉండాలనీ, ఇంగ్లీషు మాట కనిపిస్తే తిప్పి పంపుతామనీ ఆ మధ్య నియమం వచ్చింది. నేను తెలుగు ఎం.ఏ. పెళ్లయిన రెండో వారంలో ఆయన నా చేతిలో నాలుగు ఇంగ్లీషు కాగితాలు పెట్టి, నువ్వే దిక్కు అన్నారు. మల్లెపూలు తెచ్చి ఇచ్చినా అంత పొంగిపోయేదాన్ని కాదు. జబ్బు పేరు దగ్గర కాస్త వాదన జరిగింది. కామెర్లు జబ్బు కాదు, జబ్బు లక్షణం మాత్రమేనని ఆయన పట్టు. జనం అనేది ఆ మాటే కదా అని నా పట్టు. నేనే గెలిచాను. 'మగ్గాలపేటలో పచ్చకామెర్ల వ్యాప్తి' అని పైన అందంగా రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

అదే రోజుల్లో ప్రభుత్వం వారికి చెట్ల మీద కూడా ప్రేమ కలిగింది. హరిత విస్తరణ పథకం అని ఒకటి పెట్టారు. తేట తెలుగు నియమం దానికీ వర్తిస్తుంది కాబట్టి కమిటీ కూర్చుని దాన్ని 'పచ్చ వ్యాప్తి పథకం' అని మార్చింది. వ్యాప్తి సంస్కృతమని ఎవరికీ తట్టలేదు. మొక్క, చెట్టు, తీగ, గడ్డి అని వేరువేరుగా రాస్తే లెక్కలు తికమకవుతాయని అన్నిటికీ కలిపి 'పచ్చ యూనిట్' అని పేరు పెట్టారు. యూనిట్ తెలుగేనని అదే కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

మా ఆయన ఫోనులో ఉత్తర్వు చదివి వినిపించారు. "మగ్గాలపేటలో పచ్చ, వ్యాప్తి అను మీ ప్రతిపాదన ప్రభుత్వ ఆశయమునకు మిక్కిలి అనుగుణముగా ఉన్నందున, కోరిన పరికరములన్నియు మంజూరు చేయడమైనది. మూడు మాసములలో సదరు ప్రాంతమున పచ్చను ముప్పై శాతం పెంచవలెను."

చివరి వాక్యం రెండుసార్లు చదివారు. రెండోసారి చదవడం అయ్యేసరికి పూరీ నల్లబడింది.

టైపు చేసినవాళ్ల పొరపాటు అయి ఉంటుందనుకున్నాం. ఆ సాయంత్రం స్కూటరు మీద వెళ్లి నిమ్మసోడా తాగి పండగ చేసుకున్నాం. సోడా బుస్సుమని నా ముక్కులోకి వెళ్తే ఆయన నవ్విన నవ్వు, మంజూరు కంటే నాకు అదే ఎక్కువ.

మర్నాడు పదిన్నరకి జిల్లా పచ్చ వ్యాప్తి అధికారి కార్యాలయానికి వెళ్లాం. ఇద్దరం జంటగా వెళ్లిన మొదటి ప్రభుత్వ కార్యాలయం అది. గుమ్మంలో నిలువెత్తు ప్లాస్టిక్ అరటిచెట్టు మమ్మల్ని ఆహ్వానించింది. అధికారి పద్మనాభం గారు నెమ్మదస్తులు. కూర్చోబెట్టి టీ తెప్పించారు. మా ఆయన విషయమంతా విడమరిచి చెప్పారు. పచ్చకామెర్లు జబ్బనీ, చెట్టూ చేమలతో దానికి సంబంధం లేదనీ, దాన్ని పెంచడం కాదు, లేకుండా చెయ్యడం తన పని అనీ, ఉత్తర్వులో ఆ ఒక్క వాక్యం సవరిస్తే చాలనీ.

పద్మనాభం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "లేకుండా చేయుట అనే మాట మా పథకంలో లేదు డాక్టరు గారూ. పెంపు ఉంది. మరింత పెంపు ఉంది."

అది జబ్బండీ, అన్నారు మా ఆయన మళ్లీ.

"అయి ఉండవచ్చు. దానికి మా ఫార్మాట్‌లో గడి లేదు. యూనిట్ పచ్చగా ఉన్నదా, లేదా. ఉన్నవి రెండే గడులు."

భాష వల్ల వచ్చిన చిక్కు కాబట్టి నేను కలగజేసుకున్నాను. తెలుగులో పచ్చ అంటే ఆకు రంగూ అవుతుంది, పసుపు రంగూ అవుతుంది, ఇక్కడ మేము రాసింది రెండోది, మీరు తీసుకున్నది మొదటిది అని, క్లాసులో చెప్పినట్టు ఉదాహరణలతో వివరించాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. ముఖం వికసించింది.

"చాలా సంతోషం అమ్మా. అయితే రెండిటికీ ఒకటే మాట. మన భాషలోనే సమన్వయం ఉన్నదన్నమాట," అని ఫైలు తెరిచి, భాషాపరముగా ఆక్షేపణ లేదు అని రాసి సంతకం పెట్టారు. ఎం.ఏ.లో నాకు బంగారు పతకం త్రుటిలో తప్పిపోయింది. ఎందుకు తప్పిపోయిందో ఆ క్షణాన అర్థమైంది.

ఆఖరికి ఆయన తేల్చింది ఇది. సవరణకు వీలు లేదు. రద్దుకు వీలుంది. రద్దయితే కిట్లు, ఫ్రీజర్ రావు. మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి వచ్చే జూన్ దాకా ఆగాలి. మా ఆయన బల్ల కింద వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టడం నాకు కనిపించింది. భవాని జూన్ దాకా ఆగదు.

వాక్యం అలాగే ఉండనివ్వండి, అన్నారు మా ఆయన.

పద్మనాభం గారు వెంటనే కాలిక్యులేటర్ తీశారు. ప్రస్తుతం పచ్చగా ఉన్న యూనిట్లు అరవై ఒకటి. ముప్పై శాతం అంటే పద్దెనిమిది పాయింట్ మూడు. "కొత్త దంపతులు. ఆ పాయింట్ మూడు మీకు పెళ్లికానుకగా వదిలేస్తున్నాను. డెబ్బై తొమ్మిది చూపించండి, చాలు," అన్నారు.

వారంలోపే కిట్లు వచ్చాయి. ఫ్రీజర్ దించిన రోజు మా ఆయన నన్ను లాబ్‌కి తీసుకెళ్లి దాని తలుపు తీసి చూపించారు, మూశారు, మళ్లీ తీసి చూపించారు. మా పెళ్లికి వచ్చిన ఫ్రిజ్‌ని ఆయన అంత ముద్దుగా ఎప్పుడూ చూడలేదు. నేనేమీ అనుకోలేదు. లోపల చలికి కళ్లజోడు మసకేసి, ఆయన గుడ్డిగా నా చెయ్యి వెతుక్కోవడం బాగుంది.

కిట్లతో పాటు పథకం సిబ్బంది కూడా వచ్చారు. పేటలో ఇంటింటికీ తిరిగి పచ్చగా ఉన్న ప్రతి మనిషినీ నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి, అక్షాంశం రేఖాంశం నమోదు చేసి, మెడలో నంబరు బిళ్ల వేశారు. సుబ్బరత్నమ్మ పద్నాలుగో నంబరు. యూనిట్‌ను పశువులు మేయకుండా కాపాడాలి కాబట్టి ఆమె మంచం చుట్టూ మనిషి ఎత్తు ఇనుప కంచె బిగించారు. మేము వెళ్లేసరికి ఆమె కంచె లోపల కూర్చుని జావ తాగుతోంది.

"మేకలు తింటాయని కట్టారంటమ్మా," అంది నాతో. "మేకల సంగతి దేవుడెరుగు. నాకీ కామెర్లు వచ్చిన కాడ్నించి మా ఆయనే దగ్గరికి రాట్లా. ఆయనకేమన్నా బిళ్ల ఇచ్చి లోపలికి తోలతారేమో అడుగు."

రెండు రోజులు తిట్టి, మూడో రోజు నుంచి ఆ కంచె మీద రంగు వేసిన నూలు ఆరేసుకుంది. పేట మొత్తంలో ఆ పథకం ఎవరికైనా పనికొచ్చింది అంటే అక్కడే.

ఆ తర్వాత ట్యాంకరు వచ్చింది. యూనిట్‌కు రోజుకు పదిహేను లీటర్లు పొయ్యాలి. ఎక్కడ పొయ్యాలో మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, యూనిట్ మొదట్లో అని. సిబ్బంది సుబ్బరత్నమ్మ మొదలు ఎక్కడుందో తేల్చుకోలేక మంచం కోళ్ల దగ్గర పోసి వెళ్లేవాళ్లు. ట్యాంకరు నింపుకునేది పేట లోపలి కుళాయి దగ్గరే, ఆ చెడ్డ నీళ్లతోనే. దాని మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది, 'ఈ నీరు త్రాగుటకు కాదు. పచ్చ పెంపకమునకు మాత్రమే.' ఆ పథకంలో అచ్చమైన నిజం రాసిన బోర్డు అదొక్కటే.

మేము మా ప్రయత్నం మేము చేశాం. పేటంతా తిరిగి నీళ్లు కాచి తాగమని చెప్పాం. మగ్గం ఆడితే గానీ పొయ్యి వెలగని ఇళ్లు అవి, ఎంతమంది కాచుకోగలరు. భవానికి మాత్రం నేను రోజూ ఇరవై లీటర్ల నీళ్లు కాచి చల్లార్చి క్యాన్‌లో నింపేదాన్ని. ఉదయం స్కూటరు మీద ముందు ఆయన, వెనక నేను, మధ్యలో క్యాన్. కొత్త పెళ్లికూతురు భర్తని పట్టుకుని కూర్చునే చోట ఆ మూడు నెలలూ క్యానే కూర్చుంది. గతుకుల్లో దాని మీదుగా చెయ్యి చాపి ఆయన చొక్కా పట్టుకునేదాన్ని.

నెల తిరిగేసరికి ఇరవై ముగ్గురికి కళ్లు తెల్లబడ్డాయి. ఆకలి పుట్టింది. ఒకాయన మగ్గం కూడా ఎక్కాడు. ఆ రోజు మా ఆయన ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చి, దోర జామకాయలు కోసి ఉప్పూ కారం అద్ది నాకు తినిపించారు.

మర్నాడు ఆయనకి సంజాయిషీ నోటీసు వచ్చింది. మీ అజాగ్రత్త వలన ఇరవై మూడు యూనిట్లు ఎండిపోయినవి. మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలెను.

సమీక్షా సమావేశం కళాశాలలోనే పెట్టారు. వచ్చినవాళ్లకి టీ ఇవ్వడానికి ఎవరూ లేరని నేను సాయం వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. పద్మనాభం గారు గోడ మీద పట్టిక చూపించారు. నాటిన వాటిలో ఎనభై అయిదు శాతం నిలవాలి. మగ్గాలపేటలో నిలిచింది అరవై రెండు శాతం. మా ఆయన లేచి, వాళ్లు ఎండిపోలేదనీ, కోలుకున్నారనీ చెప్పారు.

"మీ భాషలో కోలుకున్నారు. మా రిజిస్టరులో పచ్చ కోల్పోయారు," అన్నారు పద్మనాభం గారు. "కోలుకొనుట అన్నది నష్టాల కిందికి వస్తుంది."

ప్రిన్సిపాల్ గారు మా ఆయన్ని కూర్చోమని సైగ చేసి, తగ్గించిన గొంతుతో, పూర్తిగా ఆపమనడం లేదయ్యా, నయం చేసేదేదో వచ్చే త్రైమాసికంలో చెయ్యొచ్చు కదా అని సలహా ఇచ్చారు. పక్క ఊళ్లో పసరు పోసే ఒకాయన్ని సాంకేతిక సలహాదారుగా నియమించినట్టు కూడా ఆ సమావేశంలోనే ప్రకటించారు. ఆయన దగ్గర పసరు తాగినవాళ్లు పదకొండు వారాలైనా పచ్చగానే ఉన్నారట.

చివర్లో ప్రశంసాపత్రం. ముప్పై ఏడో నంబరు ఒక పెద్దాయన. అంతకుముందే కాలేయం చెడి ఉన్న మనిషి, ఈ కామెర్లు తట్టుకోలేక ముందు వారం పోయారు. చివరి నిమిషం వరకు పచ్చదనము కోల్పోనందుకు గాను, అని చదివారు. ఆయన కొడుకు పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరూ లేవలేదు. పద్మనాభం గారు 'గైర్హాజరు' అని రాసుకుని, ఆ యూనిట్‌ని మాత్రం పచ్చగా ఉన్నవాటిలోనే ఉంచారు.

కిట్లు మాత్రం తమ పని తాము చేశాయి. నీళ్లతో వచ్చే వైరసే అని రక్త పరీక్షల్లో ఖాయమైంది. ఒక ఆదివారం మా ఆయన మగ్గాలపేట పటం గీసి భోజనాల బల్ల మీద పరిచారు. జబ్బు వచ్చిన ఇంటి మీదల్లా నేను పసుపు తడిపి బొట్టు పెట్టాను. బొట్లన్నీ రేషన్ షాపు మూల దాటాకే పడ్డాయి. మూలకి ఇవతల ఒక్కటి లేదు. ఆ మూల దగ్గర మంచినీళ్ల పైపు మురుగు కాలువ కిందుగా వెళ్తుంది. ఆయన చాలాసేపు పటం చూసి, పసుపు అంటిన నా వేలు పట్టుకుని ఊపేశారు. నేను చేసిందల్లా బొట్లు పెట్టడమే, అయినా వైద్యశాస్త్రానికి నా వంతు సేవ చేశానని గర్వపడ్డాను.

ఆ పటం పట్టుకుని పురపాలక సంఘానికి వెళ్లాం. ఇంజనీరు గారు మర్యాదగానే మాట్లాడారు. రేషన్ షాపు వీధిలో సిమెంటు రోడ్డు వేసి నాలుగు నెలలైంది, కొత్త రోడ్డును అయిదేళ్లు తవ్వకూడదు. పైపు పగిలిందని రుజువుంటే తవ్వవచ్చు. రుజువు కావాలంటే తవ్వాలి. ఈ రెండూ చెప్పి ఆయన చేతులు జోడించారు.

బయట టీ కొట్టు దగ్గర, ఆ ఆఫీసులో పనిచేసే ఫిట్టర్ కోటయ్య మమ్మల్ని కలుసుకున్నాడు. అటూ ఇటూ చూసి, "ఆ పైపు వేసింది నేనే సార్," అన్నాడు. "రేషన్ షాపు మూల నించి పది అడుగులు, మూడున్నర అడుగుల లోతు. అక్కడ జాయింటుంది. కాలవ సరిగ్గా దాని నెత్తి మీదే పోద్ది. అరగంట పని. కానీ రోడ్డు మీద గడ్డపార ఆనిస్తే నా ఉజ్జోగం పోద్ది. ఇద్దరాడపిల్లలు సార్."

మా ఆయన అతని ఫోను నంబరు తీసుకున్నారు. భవానికి తొమ్మిదో నెల వచ్చింది.

మూడు నెలల గడువు దగ్గరపడ్డాక పద్మనాభం గారు స్వయంగా మగ్గాలపేటకి వచ్చారు. ఎల్లుండి రాష్ట్ర స్థాయి తనిఖీ బృందం వస్తోంది. డెబ్బై తొమ్మిది చూపాలి. రిజిస్టరు ప్రకారం పాతవాటిలో మిగిలినవి, పోయిన పెద్దాయనతో కలిపి, ముప్పై ఎనిమిది. ఈ మధ్య కొత్తగా పచ్చబడినవాళ్లు పదకొండు మంది. ఇంకా ముప్పై తక్కువ. ఆయన ముఖంలో దిగులు స్పష్టంగా కనిపిస్తోంది.

సుబ్బరత్నమ్మ ఇంటి ముందు ఆగి ఆమె కళ్లు చూశారు. అవి మల్లెపూలలా ఉన్నాయి. నువ్వు కూడానా అన్నట్టు తల ఊపి, రిజిస్టరులో కొట్టేశారు. గుమ్మంలో భవాని కూర్చుని నూలు కండెలు చుడుతోంది. పక్కన మా క్యాన్. ఆ నీళ్లేమిటని ఆయన అడిగారు. కాచిన నీళ్లని నేను చెప్పాను. ఎందుకు కాచారని అడిగారు. ఈ అమ్మాయికి జబ్బు రాకుండా అని మా ఆయన చెప్పారు.

పద్మనాభం గారు క్యాన్ మూత తీసి లోపలికి తొంగి చూశారు. తర్వాత, "అంటే పచ్చ వ్యాప్తికి అన్ని అవకాశములు ఉన్న చోట, పథకం బాధ్యులే ఉద్దేశపూర్వకముగా అడ్డుపడుతున్నారు," అన్నారు. భవాని వంక చూసి ఎన్నో నెల అని అడిగారు. తొమ్మిదని తెలిశాక ఆ దిగులు ముఖంలో మొదటిసారి వెలుగు వచ్చింది. రిజిస్టరు తెరిచి రాస్తూ పైకే చదివారు.

"ఈమె రెండు యూనిట్ల కిందికి వస్తుంది. క్యాన్ స్వాధీనము చేసుకొనవలెను."

సుబ్బరత్నమ్మ మంచం దిగి వచ్చింది. "అయ్యా, నా కోడల్నీ, దాని కడుపులో బిడ్డనీ రెండు మొక్కలని రాసుకుంటున్నావా? రాసుకో. ముందు ఆ ట్యాంకరు నీళ్లు నువ్వో చెంబు తాగు. నీకు పచ్చబడితే ముప్పైలో ఒకటి తగ్గుద్ది."

"అధికారులను లెక్కించుటకు వీలు లేదమ్మా," అన్నారు పద్మనాభం గారు బాధగా. ఆయన నిజంగానే ఆ సంగతి ఆలోచించారని నా నమ్మకం.

సిబ్బందిలో ఒకతను క్యాన్ మీద చెయ్యి వేశాడు. మా ఆయన ఆ క్యాన్‌కీ అతనికీ మధ్యలో నిలబడ్డారు. పూరీ మాడినా, సంజాయిషీ నోటీసు వచ్చినా కోపం తెచ్చుకోని మనిషి. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ మాటతో ఉద్యోగం పోతుంది, క్యాన్ కూడా పోతుంది. నేను సంచిలోంచి పథకం మార్గదర్శకాల పుస్తకం తీశాను. వారపత్రిక లేనప్పుడు అదే చదువుకుంటున్నాను, కాలక్షేపానికి ఏమీ తీసిపోదు.

"సార్, మరి గుంతలెక్కడండీ?" అని అడిగాను.

ఏ గుంతలని ఆయన అడిగారు. పంతొమ్మిదో నిబంధన చదివాను. "ప్రతి పచ్చ యూనిట్‌కు మూడడుగుల లోతు గుంత విధిగా తవ్వవలెను. ఇందుకు ఏ శాఖ అనుమతియు అవసరము లేదు. రోడ్డు గాని, ప్రహరీ గాని, కాలువ గాని అడ్డంకిగా భావించరాదు. గుంత లేని యూనిట్‌ను లెక్కలో చూపిన అధికారి వ్యక్తిగతముగా బాధ్యుడు."

ఆయన పుస్తకం తీసుకుని తనే ఒకసారి చదివారు. మూడు నెలలుగా రిజిస్టరులో యూనిట్లున్నాయి. గుంత ఒక్కటి లేదు. మెల్లిగా కంచె తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, సుబ్బరత్నమ్మ మంచం మీద కూలబడ్డారు. కాసిని మంచినీళ్లు అడిగారు. భవాని లేచి మా క్యాన్‌లో నీళ్లు గ్లాసుతో ఇచ్చింది. ఆయన తాగారు. క్యాన్ స్వాధీనం సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

"రేపు ఒక్కరోజే ఉంది," అన్నారు చివరికి. "డెబ్బై తొమ్మిది గుంతలు. ఎక్కడ తవ్వాలి?"

మా ఆయన జేబులోంచి పటం తీసి మంచం మీద పరిచి, రేషన్ షాపు మూల నుంచి మొదలుపెట్టి వరసగా వెళ్తే అన్ని యూనిట్లకూ దగ్గరగా ఉంటుందన్నారు. అది సిమెంటు రోడ్డు కదా అని పద్మనాభం గారికి సందేహం వచ్చింది. కింద నేల మెత్తగానే ఉంటుంది సార్, పైగా తడి కూడా ఉంటుంది అని మా ఆయన భరోసా ఇచ్చారు.

ఇంకా ఒక అర అడుగు కావాలి. కోటయ్య చెప్పింది మూడున్నర. మా ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, అందుకని నేనే అందుకున్నాను. మూడడుగులు చాలవు సార్, వేళ్లు ఇరుకవుతాయి అన్నాను.

"యూనిట్‌కు వేళ్లు ఎన్ని?" అన్నారాయన పెన్ను తీసి.

"చేతులకి పది, కాళ్లకి పదండీ."

"ఇరవై వేళ్లా?" అని ఆయన ఆశ్చర్యపోయి, మూడు కొట్టేసి నాలుగు వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. పావుగంటలో ఆటోకి మైకు కట్టారు. పద్మనాభం గారు స్వయంగా రాసిచ్చిన ప్రకటన పేటంతా మోగింది. "రేపు ఉదయం ఏడు గంటలకు రేషన్ షాపు మూల వద్ద పచ్చ వ్యాప్తి మహాగుంతల కార్యక్రమము ఘనముగా ప్రారంభమగును. మొదటి గుంతను గౌరవనీయ జిల్లా పచ్చ వ్యాప్తి అధికారి వారు స్వహస్తములతో తవ్వెదరు. సదరు సమయమున కుళాయిలు కట్టివేయబడును. యూనిట్లు, యూనిట్లు కానివారు అందరూ ఆహ్వానితులే." కుళాయిల వాక్యం నేను చేర్చింది. చేతిరాత బాగుందని ఆయన మెచ్చుకున్నారు కూడా.

మా ఆయన స్కూటరు పక్కకి వెళ్లి కోటయ్యకి ఫోను చేశారు. నేను చెవి ఫోనుకి ఆనించి అవతలి మాటలు కూడా విన్నాను.

"రేపు ఏడింటికి మగ్గాలపేటకి రావాలి కోటయ్యా. గుంతల కార్యక్రమం. గడ్డపార నువ్వు ముట్టుకోనక్కర్లేదు, అధికారి గారే వేస్తారు. ఆయన తవ్వి పైకి రాగానే నువ్వు దిగాలి."

మొక్కలు కూడా నన్నే తెమ్మంటారా సార్, అన్నాడు కోటయ్య.

"మొక్కలొద్దు," అన్నారు మా ఆయన. "కొత్త జాయింటు, పైపు రెంచీ తెచ్చుకో."